పంటి మత్తు త్వరగా దిగాలంటే ఏది మేలు?

పన్ను పని అరగంటలో అయిపోతుంది. పెదవి మొద్దు మాత్రం మధ్యాహ్నం భోజనం వేళకూ వదలదు. దీనికి కారణం మత్తుమందు ఒక్కటే కాదు, దానితో కలిపే అడ్రినలిన్ కూడా. మన క్లినిక్‌లలో ఎక్కువగా వాడేది 2 శాతం లిగ్నోకెయిన్. అందులో 80,000 పాళ్లకు ఒక పాలు అడ్రినలిన్ ఉంటుంది. ఇది అక్కడి రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. అప్పుడు రక్తం మందును తొందరగా లాక్కుపోదు కాబట్టి మత్తు నిలుస్తుంది, రక్తం కారడమూ తగ్గుతుంది. పంటి లోపల మత్తు సుమారు ఒక గంట ఉంటే పెదవి, బుగ్గ, నాలుకల్లో 3 నుంచి 5 గంటలు ఉంటుంది. డాక్టరుకు కావలసింది ఆ మొదటి గంటే.

ఆ తర్వాతి గంటలను తగ్గించడానికి ఒక మందు ఉంది. పేరు ఫెంటోలమైన్ మెసిలేట్, పళ్ల డాక్టర్ల కోసం అమ్మే బ్రాండు ఓరావర్స్. 2008లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనికి అనుమతి ఇచ్చింది. ఇది మత్తుమందుకు విరుగుడు అనుకుంటారు కానీ కాదు. ఇది లిగ్నోకెయిన్‌ను ముట్టుకోదు, అడ్రినలిన్ పనికి అడ్డుపడుతుంది. రక్తనాళాలు మళ్లీ తెరుచుకుంటాయి, మందు ఆ చోటు నుంచి రక్తంలోకి వెళ్లిపోతుంది. అందుకే అడ్రినలిన్ లేని మత్తు ఇచ్చినప్పుడు దీనితో పని లేదు.

పని పూర్తయ్యాక, ముందు మత్తు ఇచ్చిన చోటే దీన్నీ సూదితో ఇస్తారు. అనుమతికి ముందు పెద్దలపై జరిపిన పరీక్షల్లో కింది పెదవికి మామూలు స్పర్శ రావడానికి మధ్యస్థంగా 70 నిమిషాలు పట్టింది. మందు ఇవ్వనివాళ్లకు 155. పై పెదవికి 50, 133. అంటే సూది వేయగానే మొద్దు వదిలిపోదు, గంటన్నరకు కాస్త అటూ ఇటూగా సమయం కలిసొస్తుంది, అంతే. దానికి బదులుగా మరో పోటు పడాలి, ఖర్చు పెట్టాలి. కొందరికి తలనొప్పి, సూది వేసిన చోట నొప్పి, గుండె వేగంలో తేడా వస్తాయి. ఇదే మందును వేరే జబ్బులకు చాలా పెద్ద మోతాదులో ఇచ్చినప్పుడు గుండెపోటు వచ్చిన సందర్భాలు ఉన్నాయి కాబట్టి గుండె జబ్బు ఉన్నవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. 3 ఏళ్ల లోపు, లేదా 15 కిలోల లోపు పిల్లలకు ఇది వద్దు.

ఇక రెండో దారి, ఊరికే ఆగడం. పెద్దవాళ్లలో చాలామందికి నా ఓటు దీనికే. ఖర్చు లేదు, ప్రమాదం లేదు. వేడి కాఫీ తాగకుండా, ఆ పక్కన నమలకుండా ఉంటే చాలు. జ్ఞానదంతం తీయించుకున్నవాళ్లకైతే మొద్దు మేలే చేస్తుంది. అది దిగకముందే డాక్టరు రాసిచ్చిన నొప్పి మాత్ర వేసుకుంటే నొప్పి ఒక్కసారిగా మీద పడదు. బుగ్గకు వేడినీళ్ల సంచి పెడితే తొందరగా దిగుతుందని కొందరు చెబుతారు. దయచేసి ఆ పని చేయకండి. స్పర్శ లేని చర్మానికి ఎంత కాలుతోందో తెలియదు.

ఆగడం కష్టమయ్యేది పిల్లలతోనే. మొద్దుబారిన పెదవి వాళ్లకు కొత్త వస్తువు. లాగి చూస్తారు, పంటి కింద పెట్టి నములుతారు, నొప్పి తెలియదు కాబట్టి ఆపరు. కింది దవడకు నరం దగ్గర మత్తు ఇచ్చిన పిల్లల మీద 2000లో వచ్చిన ఒక అధ్యయనంలో 13 శాతం మంది పెదవో బుగ్గో కొరుక్కున్నారు. 4 ఏళ్ల లోపువాళ్లలో ఇది 18 శాతం. సాయంత్రానికి పెదవి ఉబ్బుతుంది, మర్నాటికి పైన తెల్లటి పొర కడుతుంది. చీము పట్టిందని తల్లిదండ్రులు టెన్షన్ పడి యాంటీబయాటిక్ కోసం పరుగెడతారు. మామూలుగా అది చీము కాదు, పుండు మానేటప్పుడు కట్టే పొర. చల్లటి కాపడం పెట్టి, ఉప్పునీళ్లతో పుక్కిలింపజేసి, పెదవికి వాజిలిన్ రాస్తే వారం పది రోజుల్లో మానుతుంది. జ్వరం వచ్చినా వాపు పెరిగినా మాత్రం డాక్టరుకు చూపించాలి.

కాబట్టి పిల్లల విషయంలో, మాట చెబితే అర్థం చేసుకోలేని స్థితిలో ఉన్న పెద్దల విషయంలో ఆ గంటన్నరకు నిజంగా విలువ ఉంది. ఇన్సులిన్ వేసుకుని వేళకు తినాల్సినవాళ్లు, పని కాగానే క్లాసు చెప్పాల్సినవాళ్లు కూడా అడగొచ్చు. మన ఊళ్లలో చాలా క్లినిక్‌లలో ఈ మందు ఉంచరు. అమెరికాలో ఉన్న మనవాళ్లు దీని ధర, ఇన్సూరెన్స్ కడుతుందా లేదా అన్నది అపాయింట్‌మెంట్ రోజే అడిగి పెట్టుకోవాలి.

ఈ రెండింటికంటే నాకు నచ్చేది మూడోది: మొదటి సూదికి ముందే మాట్లాడుకోవడం. చిన్న పనైతే దవడ సగం మొద్దుబరిచే నరం ఇంజెక్షన్ బదులు పంటికీ ఎముకకూ మధ్య ఉండే సందులో ఇచ్చే ఇంజెక్షన్ కుదరవచ్చు. దానితో పెదవి, నాలుక పెద్దగా మొద్దుబారవు. అడ్రినలిన్ లేని 3 శాతం మెపివకెయిన్ అనే మత్తుమందు ఇంకో దారి. కానీ దాని మీద ఆశలు మరీ పెట్టుకోవద్దు. పంటి మత్తు 20 నుంచి 40 నిమిషాల్లో పోతుంది, పెదవి మొద్దు మాత్రం 2, 3 గంటలు ఉంటుంది. రూట్ కెనాల్ లాంటి పెద్ద పనికి ఆ కాస్త సమయం చాలక మధ్యలో నొప్పి లేస్తే మళ్లీ సూదే. "డాక్టరుగారూ, ఈ పనికి ఎంతసేపు మత్తు కావాలి? తక్కువ చోటుకే ఇవ్వడం కుదురుతుందా?" అని అడిగితే ఏ మంచి డాక్టరూ విసుక్కోరు.

మర్నాటికీ పెదవి, నాలుక మొద్దుగానే ఉంటే అది అడ్రినలిన్ వల్ల కాదు, నరానికి దెబ్బ తగిలి ఉండవచ్చు. దానికి ఓరావర్స్ పనికిరాదు. అదే రోజు క్లినిక్‌కు ఫోన్ చేసి చెప్పండి, ఎక్కడిదాకా మొద్దుగా ఉందో రాసిపెట్టమనండి.