సైకిల్ ట్రైనర్ ‘మొత్తం సెట్’ కొనేవారికి హెచ్చరిక: డబ్బా మీద దిగుమతిదారు పేరు ఉందో లేదో చూడండి

ఇంట్లోనే సైకిల్ సాధన చేసుకోవడానికి ట్రైనర్ (సైకిల్‌ను బిగించి ఉన్నచోటే తొక్కే యంత్రం), చాప, ఫ్యాను, క్యాసెట్ (వెనక గేర్ల పళ్ల చక్రాల గుత్తి) అన్నీ కలిపి ‘మొత్తం సెట్’ అని హైదరాబాద్‌లో ఒక దుకాణం ఆన్‌లైన్‌లో అమ్ముతోంది. వాళ్ల దగ్గర కొన్నాను. ఫిర్యాదు నడుస్తోంది కనుక పేరు రాయడం లేదు. వర్షాకాలం మొదలయ్యాక ఇలాంటి ప్రకటనలు ఎక్కువవుతాయి కాబట్టి వాళ్లు సరుకు అంటగట్టే తీరు తెలుసుకోండి.

కొత్తదని అమ్మిన ట్రైనర్ వాడేసినది. వెనక చక్రం తీసేసి సైకిల్‌ను నేరుగా బిగించే డైరెక్ట్ డ్రైవ్ రకం. డబ్బా తళతళలాడుతోంది, సీలు టేపు కూడా ఉంది. ‘మీకు శ్రమ లేకుండా’ క్యాసెట్ ముందే బిగించి పంపారు. ఆ శ్రద్ధ ఎందుకో మెకానిక్ దాన్ని విప్పినప్పుడు తెలిసింది. ఫ్రీహబ్ (ట్రైనర్‌లో క్యాసెట్ ఎక్కించే గాడుల గొట్టం) గాడుల అంచుల మీద వరుసగా లోతైన నొక్కులు. అల్యూమినియం ఫ్రీహబ్ మెత్తన. గట్టిగా తొక్కేకొద్దీ స్టీలు పళ్ల చక్రాలు అందులోకి దిగుతాయి. ఒక్కసారి కూడా తొక్కని యంత్రానికి ఆ గుర్తులు పడవు. కాబట్టి క్యాసెట్ బిగించి పంపుతామంటే వద్దనండి, విడిగా పంపమనండి.

సీరియల్ నంబరు తయారీ సంస్థకు పంపితే, అది వేరే దేశపు మార్కెట్‌కు వెళ్లిన యంత్రమని, భారత్‌లో వారంటీ వర్తించదని జవాబు వచ్చింది. దుకాణం ఇచ్చిన ‘రెండేళ్ల వారంటీ’ కార్డు వాళ్లు సొంతంగా అచ్చు వేయించుకున్నదట! ట్రైనర్ కరెంటు అడాప్టర్ మీద లేబుల్ గీకేసి ఉంది. ఇది చిన్న విషయం కాదు. మన ఇళ్లలో వచ్చేది 230 వోల్టులు. అడాప్టర్ మీద ‘100–240’ అని స్పష్టంగా లేకపోతే ప్లగ్గులో పెట్టకండి. 120 వోల్టులకే చేసినదైతే కాలిపోతుంది.

ఇదంతా డబ్బు కట్టకముందే పట్టుకునే దారి ఒకటుంది. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం, దిగుమతి చేసి అమ్మే సరుకు డబ్బా మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, పన్నులన్నీ కలిపిన గరిష్ఠ చిల్లర ధర ఉండాలి. ఆ స్టిక్కర్ ఫొటో పంపమని అడగండి. నేను తరువాత వేరే పేరుతో అడిగి చూశాను. ‘స్టాకు గోదాములో ఉంది సార్’ అన్నారు, ఫొటో మాత్రం నేటికీ రాలేదు.

ఇక ‘ఏ సైకిల్‌కైనా సరిపోతుంది’ అన్న మాట. నాది ఎనిమిది గేర్ల సైకిల్. వాళ్లు బిగించింది పదకొండు గేర్ల క్యాసెట్. అందులో పళ్ల చక్రాల మధ్య దూరం తక్కువ, నా చైను వెడల్పు ఎక్కువ. గేరు మార్చినప్పుడల్లా చైను పక్క చక్రానికి రాసుకుంటూ కరకరలాడేది. గేర్ల సంఖ్య రెండింటికీ ఒకటే ఉండాలి. మన దగ్గర తక్కువ ధరలో దొరికే ఏడు గేర్ల సైకిళ్లకు చాలావరకు క్యాసెట్ బదులు, చక్రానికి మరతో బిగించే పళ్ల చక్రాల గుత్తి, అంటే ఫ్రీవీల్ ఉంటుంది. దాన్ని తీసి ట్రైనర్‌కు పెట్టలేరు. ఏడు గేర్ల క్యాసెట్ విడిగా కొని, వెనక తగిన మందం స్పేసర్ (ఖాళీ నింపే రింగు) వేసుకోవాలి. ఆ ఖర్చు వద్దనుకుంటే, చక్రం తీయకుండా టైరును రోలర్‌కు ఆనించి తొక్కే రకం చాలు. టైరు త్వరగా అరుగుతుంది, అంతే. వెనక ఇరుసు కొలత కూడా చూసుకోండి: రిమ్ బ్రేకుల రోడ్డు సైకిళ్లకు సాధారణంగా 130, డిస్క్ బ్రేకులున్న క్విక్ రిలీజ్ (మీట తిప్పి చక్రం వదులు చేసే) సైకిళ్లకు 135, థ్రూ యాక్సిల్ (ఫ్రేములోంచి దూర్చి బిగించే లావు ఇరుసు) అయితే ఎక్కువగా 142 మిల్లీమీటర్లు. మీ ఇరుసుకు తగిన అడాప్టర్లు డబ్బాలో ఉన్నాయో లేదో ముందే రాతలో తీసుకోండి.

చాప గురించి ఎక్కువ చెప్పను. పిల్లలు ఆడుకునే ముక్కల ఫోం చాపకు ‘శబ్దం రాని మ్యాట్’ అని పేరు పెట్టారు. ట్రైనర్ కాళ్ల కింద అది అణగిపోయి, అదురంతా కింది ఫ్లాట్‌కు చేరింది. జిమ్ములకు అమ్మే మందపాటి రబ్బరు షీటు కొనుక్కోండి. ఫ్యాను కూడా విడిగా కొంటేనే నయం. వాళ్లిచ్చింది బల్ల మీద పెట్టుకునే బొమ్మ. గాలి తగలకపోతే చెమట హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ బోల్టుల మీదికి కారి తుప్పు పట్టిస్తుంది.

డబ్బు వ్యక్తిగత నంబరుకు పంపమంటే అక్కడే ఆగండి. సీరియల్ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు అడగండి. డబ్బా విప్పుతున్నంతసేపూ వీడియో తీయండి. నా ఫిర్యాదు నిలబడింది ఆ వీడియో వల్లే.

ఇప్పటికే మోసపోయినవాళ్లు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. ఆన్‌లైన్‌లో కొన్నదైతే, 2020 ఈ-కామర్స్ నిబంధనల కింద అమ్మినవాళ్లు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. అదీ కాకపోతే మీరు ఉంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌కే వెళ్లవచ్చు. సరుకు విలువ 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు. కమిషన్‌లో ఫిర్యాదు వేయడానికి రెండేళ్ల గడువు ఉంటుంది.

సగం డబ్బు తిరిగి ఇస్తాం, ఫిర్యాదు వెనక్కి తీసుకోండి అని దుకాణం వాళ్లు నిన్న ఫోను చేశారు. మొత్తం ఇచ్చి, వాళ్ల ఖర్చుతోనే ట్రైనర్ తీసుకెళ్లమన్నాను. ఇంకా జవాబు లేదు.