ఎత్తు పనుల్లో హార్నెస్ హుక్కులు: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

ఎత్తులో పనిచేసేవారు ఒంటికి కట్టుకునే పట్టీల హార్నెస్ కొనేటప్పుడు అందరి దృష్టీ పట్టీల నాణ్యత మీద, పడినప్పుడు తాకిడిని తగ్గించే షాక్ అబ్జార్బర్ మీద ఉంటుంది గానీ, మనిషిని పైనున్న ఆధారానికి కలిపి ఉంచేది లాన్‌యార్డు (హార్నెస్‌ను ఆధారానికి కలిపే తాడు లేదా పట్టీ) చివరనున్న హుక్కే. విశాఖపట్నం పారిశ్రామిక ప్రాంతంలో స్ట్రక్చరల్ ఎరెక్షన్ (ఉక్కు నిర్మాణాలను నిలబెట్టే) పనులు చేస్తూ నేను ఏళ్ల తరబడి మూడు రకాల కనెక్టర్లను, అంటే ఇలా తగిలించే హుక్కులను, వాడాను. హార్నెస్ డీ-రింగుకు (హార్నెస్‌కు ఉండే డీ ఆకారపు లోహపు రింగుకు) తగిలించే చిన్న స్నాప్ హుక్కు ఒకటి, మర తిప్పి బిగించే కారాబినర్ (తెరిచి మూసే లోహపు కొక్కెం) ఒకటి, స్కాఫోల్డింగ్ (పరంజా) పైపుకు తగిలించే పెద్ద హుక్కు ఒకటి. దేన్ని ఎక్కడ నమ్మాలన్నదే ఈ సమీక్ష.

ముందుగా బలం సంగతి. షాక్ అబ్జార్బర్ ఉన్న లాన్‌యార్డు, పడిన మనిషి మీద 6 కిలోన్యూటన్లకు మించిన తాకిడిని రానివ్వకూడదని ఐరోపా ప్రమాణం ఈఎన్ 355 చెబుతుంది. అది దాదాపు 600 కిలోల బరువుతో సమానం. కనెక్టర్లకు వర్తించే ఈఎన్ 362 ప్రకారమైతే, గేటు (హుక్కు నోటిని తెరిచి మూసే భాగం) మూసుకుని లాక్ పడి ఉన్న హుక్కు పొడవు దిశలో కనీసం 20 కిలోన్యూటన్లు తట్టుకోవాలి. అందువల్ల మంచి హుక్కు నిలువు లాగుడుకు తెగిపోతుందన్న భయం పెట్టుకోనక్కరలేదు. భయపడవలసింది ఆ బరువు పక్కకు తిరిగి గేటు మీద పడినప్పుడు. అమెరికా ప్రమాణం ఏఎన్‌ఎస్‌ఐ జడ్359.1 ఒకప్పుడు గేటు ముందు భాగం 220 పౌండ్లు, అంటే సుమారు 100 కిలోలు, తట్టుకుంటే చాలనేది. 2007 సవరణలో దాన్ని 3,600 పౌండ్లకు, అంటే 1,600 కిలోల పైచిలుకుకు పెంచారు. ఈ తేడా తెలిసినప్పటి నుంచి, హుక్కు ఒంటి మీద పెద్దగా చెక్కిన సంఖ్యతో సరిపెట్టుకోకుండా, గేటు బలం ఎంతో కూడా చూసి గానీ నేను కొనడం లేదు.

చిన్న స్నాప్ హుక్కులో నాకు నచ్చిన రకం, వెనుక మీటను నొక్కితే తప్ప గేటు కదలనిది. లాక్ లేని పాత రకంలో, లాన్‌యార్డు మెలిపడి హుక్కు తిరిగినప్పుడు డీ-రింగు గేటుకు అడ్డంపడి, దాన్ని లోపలికి నెట్టి, తానే బయటికి జారిపోగలదు. అమెరికా నిర్మాణ రంగ నిబంధనలు 1998 జనవరి 1 నుంచి ఆ రకాన్ని పనికిరాదన్నాయి. మన దుకాణాల్లో మాత్రం ధర తక్కువన్న ఒక్క కారణంతో అవి ఇప్పటికీ నా కంటపడుతున్నాయి. దయచేసి వాటిని ఎవరూ కొనవద్దు. లాక్ ఉన్న హుక్కునైనా ఒకే రింగుకు రెండు తగిలించకూడదు. లాన్‌యార్డును పైపు చుట్టూ తిప్పి, దాని హుక్కును దాని పట్టీకే వేయకూడదు, తయారీదారు అందుకు అనుమతించిన రకమైతే తప్ప.

పెద్ద హుక్కు ఎంపికే అన్నిటికన్నా కష్టం. స్కాఫోల్డింగ్ పైపు బయటి వ్యాసం 48.3 మిల్లీమీటర్లు. గేటు 50 మిల్లీమీటర్లే తెరుచుకునే హుక్కు కాగితం మీద సరిపోయినా, సిమెంటు గడ్డకట్టిన పైపు మీద ఎక్కదు. ఎక్కించినా గేటు పూర్తిగా మూసుకోదు, అప్పుడు బరువు పడేది సగం తెరుచుకున్న గేటు మీదే. అందుకే 60 మిల్లీమీటర్లకు తక్కువ తెరుచుకునే దాన్ని నేను పైపు పనికి తీసుకోను. ఉక్కు హుక్కు దాదాపు అర కిలో తూగుతుంది. రెండు కొసల లాన్‌యార్డులో ఒకటి తీసి ఒకటి వేస్తూ రోజంతా కదిలేవారికి మణికట్టు నొప్పెడుతుంది, నొప్పెట్టినప్పుడు హుక్కు వేయకుండానే నాలుగడుగులు నడిచేయాలనిపిస్తుంది. ఆ లెక్కన తేలికైన అల్యూమినియం హుక్కుకు ఎక్కువ ధర పెట్టడం దండగ కాదు. అయితే ఉక్కు తీగ లైఫ్‌లైన్ (హుక్కు తగిలించుకోవడానికి కట్టే ఆధారపు తాడు) మీద నిత్యం జారే చోట అల్యూమినియం త్వరగా అరిగి గాడి పడుతుంది కాబట్టి, అక్కడ నా ఓటు ఉక్కుకే.

స్క్రూ కారాబినర్ చెడ్డదేమీ కాదు. ఒకసారి బిగించి రోజంతా కదపని చోటికి అది చక్కగా సరిపోతుంది. మాటిమాటికీ తీసి వేయవలసిన చోట మాత్రం, చేతికి గ్లవ్స్ ఉన్న మనిషి మర తిప్పడం మానేస్తాడు.

సముద్రపు గాలి తగిలే చోట జింక్ పూత ఉన్న హుక్కుల్లో పైభాగం మెరుస్తూనే ఉన్నా లోపలి స్ప్రింగు తుప్పు పడుతుంది. గేటును కొద్దిగా మాత్రమే తెరిచి వదిలితే, అది తనంతట తాను పూర్తిగా మూసుకుని లాక్ పడాలి. ఎక్కే ముందు ప్రతిసారీ ఈ పరీక్ష చేయాలి. గేటు మందగిస్తే గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. గ్రీజు పూస్తే సిమెంటు దుమ్ము అంటుకుని మరింత బిగుసుకుంటుంది. కడిగినా మందగించిన హుక్కును, ఒక్కసారైనా పడిన మనిషిని ఆపిన హుక్కును, మార్కింగు చదవలేనంతగా చెరిగిన హుక్కును స్టోర్స్‌కు తిప్పి పంపడం చాలదు. ఎవరైనా మళ్లీ తీసి వాడే వీలు లేకుండా పట్టీ కోసేసి, హుక్కును గ్యాస్ కట్టింగ్‌తో రెండు ముక్కలు చేయించి తుక్కులో వేయించాలి.