సైన్ ఎక్స్ బై ఎక్స్: పారామీటర్ మేలా, కాంటూర్ మేలా?

విజయనగరంలో గంటస్తంభం దగ్గర సాయంత్రాలు ఎం.ఎస్సీ. ఎంట్రన్స్‌కి చదివే పిల్లలకి లెక్కలు చెబుతాను. మొన్న చీపురుపల్లి నుంచి రైల్లో వచ్చే అమ్మాయి బోర్డు తుడవకముందే అడిగింది. "మేష్టారూ, కష్టమైన డెఫినిట్ ఇంటిగ్రల్స్‌కి ఫైన్‌మన్ ట్రిక్ ఒక్కటి వస్తే చాలదా? కాంటూర్ కూడా తప్పదా? రెండూ పట్టుకుంటే టైమ్ సరిపోదండీ." ఆమె రైలు టైమవుతోందని ఏదో గబగబా చెప్పి పంపేశాను. ఆ ప్రశ్నకి అంతకంటే మంచి జవాబు రావాలి.

ఫైన్‌మన్ ట్రిక్ అంటే ఇంటిగ్రల్‌లోకి ఒక పారామీటర్ తెచ్చే దారి. కాంటూర్ అంటే కాంప్లెక్స్ తలంలో చుట్టూ తిరిగి వచ్చే దారి. రెండింటినీ ఒకే లెక్క మీద పెట్టి చూద్దాం. సైన్ ఎక్స్ బై ఎక్స్, సున్నా నుంచి అనంతం వరకు. దీనికి మామూలు ఫంక్షన్లలో యాంటీడెరివేటివ్ లేదు. అయినా జవాబు మాత్రం పై బై 2 అని శుభ్రంగా వస్తుంది.

ముందు పారామీటర్ దారి. కొత్తగా ఒక అక్షరం తెచ్చి లోపల పెట్టి, దాని మీద డిఫరెన్షియేట్ చేయడమే పని. ఎక్కడ పెట్టాలన్నదే అసలు చిక్కు. చాలామంది పిల్లలు సైన్ ఏఎక్స్ బై ఎక్స్ అని మొదలుపెడతారు. డిఫరెన్షియేట్ చేస్తే లోపల కాస్ ఏఎక్స్ మిగులుతుంది. అది అనంతం దాకా ఊగుతూనే ఉంటుంది, ఎక్కడా నిలవదు. అక్కడితో లెక్క ఆగిపోతుంది. దానికి బదులు ఇ పవర్ మైనస్ ఏఎక్స్‌తో గుణించండి. ఇప్పుడు ఏ మీద డిఫరెన్షియేట్ చేస్తే కిందున్న ఎక్స్ కొట్టుకుపోతుంది, మిగిలింది ఇంటర్ పిల్లలు చేసే ఇంటిగ్రల్: మైనస్ 1 బై (1 ప్లస్ ఏ స్క్వేర్). తిరిగి ఇంటిగ్రేట్ చేస్తే ఒక స్థిరాంకం మైనస్ టాన్ ఇన్వర్స్ ఏ. ఏ అనంతానికి పోతే మొత్తం సున్నా కావాలి, కాబట్టి ఆ స్థిరాంకం పై బై 2. చివర ఏని సున్నాకి తెస్తే అదే జవాబు. ఆ చివరి అడుగు వేయనిస్తున్నది యూనిఫామ్ కన్వర్జెన్స్, అంటే పారామీటర్ విలువ మారినా ఇంటిగ్రల్ ఒకే తీరున నిలబడడం. ఆ ఒక్క వాక్యం పేపర్లో రాయకుండా వదిలేయకండి.

ఈ పద్ధతికి అమెరికన్ ఫిజిక్స్ శాస్త్రవేత్త ఫైన్‌మన్ పేరు పడింది కానీ దాని వెనకున్న సూత్రం లైబ్‌నిజ్ పేరుతో ఉంది. ఫైన్‌మన్‌కి హైస్కూల్లో ఫిజిక్స్ మాస్టారు ఇచ్చిన పెద్ద క్యాలిక్యులస్ పుస్తకంలో ఇది దొరికింది. మిగతావాళ్లు మామూలు పద్ధతులన్నీ వాడేసి చేతులెత్తేసిన ఇంటిగ్రల్స్ తన దగ్గరికి వచ్చేవనీ, తన దగ్గర వేరే పనిముట్టు ఉండబట్టే అవి అయ్యేవనీ ఆయనే చెప్పుకున్నారు. ఈ మాట మా పిల్లలకి తప్పకుండా చెబుతాను. ఒక మాస్టారు ఒక పుస్తకం చేతిలో పెడితే ఎంత దూరం పోతుందో చూడండి.

ఇక కాంటూర్. కోషీ 1825లో కాంప్లెక్స్ హద్దుల మధ్య ఇంటిగ్రల్స్ మీద రాసిన వ్యాసం దీనికి పునాది. సరళరేఖ మీద పని కాకపోతే కాంప్లెక్స్ తలంలో పైకెక్కి, కోట చుట్టూ ఒక రౌండ్ వేసినట్టు అర్ధవృత్తం తిరిగి వస్తాం. లోపల ఎన్ని పోల్స్ (ఫంక్షన్ అనంతానికి పేలిపోయే బిందువులు) ఉన్నాయో, వాటి రెసిడ్యూలు (ఒక్కో పోల్ వాటాని చెప్పే సంఖ్యలు) ఎంతో చూసుకుంటే చాలు. మన లెక్కలో ఇ పవర్ ఐజెడ్ బై జెడ్ తీసుకుంటాం. పోల్ సరిగ్గా దారి మీదే, సున్నా దగ్గర ఉంది. దాన్ని తొక్కకుండా చిన్న అర్ధవృత్తంతో పక్కకి తప్పుకోవాలి. పెద్ద అర్ధవృత్తం జోర్డాన్ లెమ్మాతో సున్నా అవుతుంది, చిన్నదాని వల్ల సరళరేఖ మీద పై ఐ మిగులుతుంది, ఇమాజినరీ భాగం తీసి సగం చేస్తే పై బై 2.

నేను ఎం.ఎస్సీ.లో ఉండగా ఆ చిన్న అర్ధవృత్తం మరిచిపోయి, పోల్ లోపలే ఉందనుకుని మొత్తం రెసిడ్యూ వేసేశాను. జవాబు పై వచ్చింది. రెండింతలు! అది తప్పని ఏ లెక్కా చేయకుండానే పట్టుకోవచ్చని చాలా ఏళ్ల తర్వాత తట్టింది. గ్రాఫ్ గీయండి. మొదటి మూపు సున్నా నుంచి పై వరకు ఉంటుంది, ఎత్తు 1 దాటదు. అంటే పై వెడల్పు, 1 ఎత్తు ఉన్న డబ్బాలో అది ఇమిడిపోతుంది. ఆ తర్వాత ఒకటి కిందికి, ఒకటి పైకి, ఒక్కొక్కటీ ముందుదానికంటే చిన్నది. కాబట్టి మొత్తం ఆ మొదటి మూపుని దాటలేదు, జవాబు పై కంటే తక్కువే. ఇప్పుడు నా క్లాసులో ఏ ఇంటిగ్రల్‌కైనా ముందు బొమ్మ, తర్వాతే పద్ధతి.

ఈ లెక్క వరకు పారామీటరే మేలని నా తీర్పు. ప్రతి అడుగూ ఎందుకు వేస్తున్నామో కళ్లకి కనిపిస్తుంది. కాంటూర్‌లో జోర్డాన్ లెమ్మా, చిన్న వృత్తం, ఇమాజినరీ భాగం అని మూడు చోట్ల జారిపడే వీలుంది.

కానీ కాస్ ఎక్స్ బై (1 ప్లస్ ఎక్స్ స్క్వేర్) ఇవ్వండి, తీర్పు మారిపోతుంది. కాంటూర్‌లో రెండు లైన్లు. పై సగంలో ఐ దగ్గర ఒక్కటే పోల్, రెసిడ్యూ ఇ పవర్ మైనస్ 1 బై 2ఐ. సున్నా నుంచి అనంతం వరకు జవాబు పై బై 2ఇ, అంటే సుమారు 0.578. ఒక్క జాగ్రత్త: కాస్ జెడ్‌ని నేరుగా పెట్టకండి, పైకి వెళ్లేకొద్దీ అది పేలిపోతుంది. ఇ పవర్ ఐజెడ్ పెట్టి రియల్ భాగం తీసుకోండి. ఇదే పారామీటర్‌తో చేయాలంటే రెండుసార్లు డిఫరెన్షియేట్ చేయాలి. కళ్లు మూసుకుని రెండోసారి చేస్తే ఇంటిగ్రల్ నిలవదు. మధ్యలో సైన్ ఏఎక్స్ బై ఎక్స్‌ని విడదీసి, దాని విలువ పై బై 2 అని వాడుకుని, అప్పుడు డిఫరెన్షియల్ ఈక్వేషన్ సాల్వ్ చేయాలి. అవుతుంది, అందంగానే ఉంటుంది. కానీ పరీక్ష హాల్లో ఆ దారి పట్టమని ఎవరికీ చెప్పను.

ఈ రెండింటికంటే ముందు అర నిమిషం వెచ్చించాల్సింది ఇంకోటుంది. లాగ్ (1 ప్లస్ ఎక్స్) బై (1 ప్లస్ ఎక్స్ స్క్వేర్), సున్నా నుంచి 1 వరకు. ఇది అమెరికాలో 2005 పుట్నమ్ పోటీలో వచ్చింది, మన ఇంటర్ పిల్లలకీ బాగా తెలిసిన లెక్కే. ఎక్స్ బదులు టాన్ థీటా, తర్వాత థీటా బదులు పై బై 4 మైనస్ థీటా. లోపలిది 2 బై (1 ప్లస్ టాన్ థీటా) అవుతుంది, ఇంటిగ్రల్ తనకి తానే ఎదురొస్తుంది, జవాబు పై బై 8 లాగ్ 2. డిగ్రీకి వచ్చాక ఈ తిప్పడం చిన్నపిల్లల పని అని మరిచిపోతున్నారు, అదే నాకు బాధ.

కాబట్టి చీపురుపల్లి అమ్మాయికి నా జవాబు: ముందు పారామీటర్ గట్టిగా పట్టుకోమ్మా, నెల రోజులు. కాంటూర్‌లో ఇప్పటికి ఒక్క రకమే చాలు. కింద పాలినామియల్, పైన కాస్ గానీ సైన్ గానీ, హద్దులు అనంతం. దారి మీద పోల్ ఉన్నవి తర్వాత చూద్దాం.

రెండు దారులూ మూసుకుపోయే చోటు కూడా ఉంది. ఎక్స్ పవర్ మైనస్ ఎక్స్, సున్నా నుంచి 1 వరకు. జొహాన్ బెర్నూలీ దాన్ని సిరీస్‌గా విప్పాడు: 1, 2 స్క్వేర్‌లో 1 వంతు, 3 క్యూబ్‌లో 1 వంతు, ఇలా. అంతకంటే పొట్టిదైన క్లోజ్డ్ ఫామ్ తెలియదు. మొదటి ఏడు పదాలు కూడితే 1.29129 వస్తుంది. రైల్లో కూర్చుని చేతితో కూడి చూడమని ఆ అమ్మాయికి ఇచ్చాను.