బార్సిలోనా–రోమ్ ఫ్లైట్: గాల్లో ఉన్నది తక్కువ, క్యూలో ఉన్నది ఎక్కువ

దూరం సుమారు 850 కిలోమీటర్లే, టికెట్ మీద గంటా యాభై నిమిషాలు అని ఉంటుంది, అందులో గాల్లో ఉండేది గంటన్నర లోపే. కానీ హోటల్ గుమ్మం నుంచి హోటల్ గుమ్మానికి మాకు ఆరు గంటలు పట్టింది. మేం ఎక్కింది ఒక చవక ఎయిర్‌లైన్, పేరెందుకులెండి, గేటు దగ్గర మా ఆవిడ బ్యాగు రెండు వేళ్లు ఎక్కువుందని డబ్బు కట్టించుకున్నారు, చవకంతా అక్కడే పోయింది. మంచినీళ్లు కూడా కొనుక్కోవాల్సిందే.

అయినా కిటికీ సీటు మాత్రం వదలొద్దు. కింద అంతా సముద్రమే అనుకుంటుంటే మధ్యలో కార్సికా దీవి కొండలు కనిపించాయి, టికెట్ డబ్బులు అక్కడ వసూలయ్యాయి. స్పెయిన్, ఇటలీ రెండూ షెంగెన్ (తమ మధ్య సరిహద్దు తనిఖీల్లేని యూరప్ దేశాల కూటమి) దేశాలే కాబట్టి దిగాక ఇమిగ్రేషన్ లేదు, గడియారం మార్చే పనీ లేదు. రోమ్ ఎయిర్‌పోర్టు ఫియుమిచినో నుంచి ఊళ్లోని పెద్ద రైల్వే స్టేషన్ టెర్మినీకి లియొనార్దో ఎక్స్‌ప్రెస్ రైల్లో 32 నిమిషాలు.

బార్సిలోనా నుంచి ఓడ కూడా ఉంది, రోమ్ దగ్గరి చివిటవెక్కియా రేవుకి దాదాపు 20 గంటలు. తీరికుంటే అదే ఎక్కేవాణ్ణి. ఫ్లైట్‌కి అయిదుకి మూడు మార్కులు.