గుడ్ల ఇంక్యుబేటర్‌కి ఏది మేలు: పన్నెండు వోల్టుల బోర్డా, డబ్బా కంట్రోలరా, ఎస్‌ఎస్‌ఆరా?

సంక్రాంతి పందేలు అయిపోయాయంటే చాలు, మా భీమవరం, పాలకొల్లు వైపు ఊళ్లలో సగం మందికి పుంజుల మీదికి మనసు పోతుంది. రొయ్యలు ప్యాక్ చేసిన థర్మోకోల్ పెట్టె కడిగి, అందులో 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బులు రెండు, ఓ చిన్న ఫ్యాను, నీళ్ల గిన్నె పెట్టి 37.5 డిగ్రీల దగ్గర 21 రోజులు నిలబెడితే పిల్లలు దిగుతాయి. ఆ వేడిని చూసుకుంటూ బల్బుల్ని వేసి ఆర్పే కంట్రోలర్ ఏది కొనాలన్నదే గొడవ. మొన్న మా మేనల్లుడు ఫోన్ చేసి "మావయ్యా, కొట్లో మూడు రకాలు చూపిస్తున్నాడు, ఏది తెచ్చుకోను?" అన్నాడు. వాడికి కరెంటు పని కొత్త, అందుకే ముందు ప్రాణం సంగతి, తర్వాత డిగ్రీల సంగతి చెప్పాను.

డబ్ల్యూ1209 అనే చిన్న బోర్డు అన్నిటికన్నా చవక. 12 వోల్టుల అడాప్టరు మీద నడుస్తుంది కాబట్టి షాక్ కొట్టదులే అనుకుంటారు, అక్కడే మోసపోతారు. బల్బుకి వెళ్లే 230 వోల్టులు ఆ బోర్డు మీది రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్, గుండానే పోవాలి, కింద వైపు టంకం చుక్కలన్నీ బయటికే ఉంటాయి. పక్కనే నీళ్ల గిన్నె, పైగా మన డెల్టా గాలిలో తేమ, వర్షాకాలం సంగతి చెప్పక్కర్లేదు. దాన్ని మూతున్న ప్లాస్టిక్ బాక్సులో బిగించి, పెట్టె బయట పెట్టగలిగితే పని బాగానే చేస్తుంది, కాకపోతే మొదటిసారి చేసేవాళ్లు నూటికి తొంభై మంది డబుల్ టేప్‌తో అతికించేసి ఊరుకుంటారు.

ఎస్‌టీసీ-1000 రకం డబ్బా నేరుగా 230 మీద నడుస్తుంది, రిలేలు లోపలే ఉంటాయి, వైర్లు వెనక స్క్రూల్లోకి పోతాయి. 1, 2 కరెంటుకి, 3, 4 సెన్సర్‌కి, 5, 6 వేడికి, 7, 8 చల్లదనానికి. మన పనికి 7, 8 ఖాళీగా వదిలేయడమే. ఇందులో అందరూ తప్పేది ఒక్క చోట: 5, 6లో కరెంటు దానంతటదే రాదు, అవి గోడ స్విచ్‌కి ఉండే రెండు కాళ్లలాంటివి. వాటికి ఫేజూ న్యూట్రలూ రెండూ తగిలిస్తే రిలే టిక్కుమన్న క్షణంలో ఢామ్మంటుంది. 1లో ఫేజ్ పెట్టి, అక్కడి నుంచి చిన్న వైరు ముక్క 5కి వేసి, 6 నుంచి బల్బుకి తీసుకెళ్లాలి, బల్బు రెండో వైరు న్యూట్రల్‌కి. రిలేతో న్యూట్రల్‌ని కోస్తే బల్బు ఆరినా హోల్డరులో కరెంటు ఉంటుంది, బల్బు మార్చబోతే షాక్ కొడుతుంది. రెండు పిన్నుల ప్లగ్గు తిరగేసి పెడితే ఈ జాగ్రత్తంతా గంగలో కలిసినట్టే, అందుకే మూడు పిన్నులదే వాడాలి, ఫేజ్ మీద 2 ఆంపియర్ల ఫ్యూజు వేయాలి.

ఇక పీఐడీ కంట్రోలర్, అంటే వేడి ఎంత తక్కువుందో చూసి అంతకు తగ్గట్టే కరెంటు వదిలేది, దానికి ఎస్‌ఎస్‌ఆర్, అంటే కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ రిలే. చప్పుడుండదు, కాంటాక్టులు అరగవు, డిగ్రీ అటూ ఇటూ కదలదు. అయితే రెండు బల్బులకి కావలసింది అర ఆంపియరు, దానికి 25 ఆంపియర్ల సరుకు ఎందుకు? పైగా ఎస్‌ఎస్‌ఆర్ ఆఫ్‌లో ఉన్నా కొంచెం కరెంటు లీకవుతూనే ఉంటుంది, హోల్డరులో టెస్టర్ పెడితే వెలుగుతుంది. పాడైనప్పుడు ఎక్కువగా ఆన్‌లోనే ఇరుక్కుంటుంది, అంటే గుడ్లు ఉడికిపోతాయి. 2000 వాట్ల హీటరుకైతే నేనూ ఇదే కొంటాను, అప్పుడు వేడి లాగేసే అల్యూమినియం హీట్‌సింక్ లేకుండా పెట్టకూడదు.

రిలే అరిగిపోదా అని మావాడి టెన్షన్. లెక్క చూడండి: రెండు నిమిషాలకోసారి టిక్కుమన్నా రోజుకి 720, 21 రోజులకి 15 వేల పైచిలుకు. ఇలాంటి రిలేలకి పూర్తి లోడు మీద లక్షసార్లు అని మామూలుగా రాస్తారు, మనం వాడేది 10 ఆంపియర్లలో ఇరవయ్యో వంతు. ఆరేడు బ్యాచ్‌లకి ఢోకా లేదు, ఆ తర్వాత మార్చుకున్నా నష్టం లేదు.

నాకు జరిగిన నష్టం రిలే వల్ల కాదు. మూడేళ్ల కిందట గుడ్లు తిప్పుతుంటే సెన్సర్ వైరు జారి పెట్టె బయటికి వచ్చింది, నేను చూసుకోలేదు. బయట గాలి చల్లగా ఉందని కంట్రోలర్ బల్బుల్ని ఆర్పనే లేదు, తెల్లారేసరికి ముప్పై డేగ రకం కోడిగుడ్లూ పోయాయి. అప్పటి నుంచి సెన్సర్‌ని గుడ్ల ఎత్తులో దారంతో కట్టేస్తున్నా, బల్బు ఫేజ్ వైరులో విడిగా ఇంకో చవక థర్మోస్టాట్ వేసి 39కి పెడుతున్నా. మొదటిది ఏ కారణంతో ఇరుక్కున్నా రెండోది కోసేస్తుంది.

మావాడు డబ్బాయే తెచ్చుకున్నాడు. 37.6, తేడా 0.3 పెట్టుకోమన్నాను, అంటే అంత తగ్గాకే బల్బు మళ్లీ వెలుగుతుంది. ప్లగ్ పెట్టేముందు వెనక స్క్రూల ఫోటో పంపమంటే పంపాడు, 5లోకి రావాల్సిన వైరు ముక్క 7లో ఉంది. మార్చాడు, ఇప్పుడు ఖాళీ పెట్టె ఒక రోజు నడుస్తోంది, గుడ్లు రేపు పెడతాడట.