ట్యూబు పిండే రోలర్: మూడేళ్ళు వాడాక

మూడేళ్ళ క్రితం ట్యూబులు పిండే మెటల్ రోలర్ ఒకటి కొన్నాను. గాట్లున్న రెండు కడ్డీల మధ్య ట్యూబు తోక దూర్చి, పక్కనున్న పిడి తిప్పాలి. ట్యూబు అప్పడంలా నలుగుతూ వెనక్కి పోతుంది, పేస్టంతా మూతి దగ్గరికి చేరుతుంది. తెచ్చిన రోజు ఇంట్లో అందరూ నవ్వారు, పిసినారితనానికి మెషీన్ కూడానా అని. ఇప్పుడది కనబడకపోతే ముందు కేకలేసేది వాళ్ళే.

దీనికి ముందు ప్లాస్టిక్ క్లిప్ వాడాను. రెండు నెలలకే మధ్యలో విరిగింది. ఆ సంగతి అంతే.

ఈ గొడవంతా ఇప్పటి ట్యూబుల వల్లే. 1841లో జాన్ రాండ్ అనే చిత్రకారుడు రంగులు ఎండిపోకుండా తగరపు ట్యూబుకి పేటెంట్ తీసుకున్నాడు. దాన్ని మడిస్తే మడిచినట్టే ఉండేది. ఇప్పుడొచ్చే ప్లాస్టిక్ పొరల ట్యూబు అలా కాదు, నొక్కి వదలగానే గాలి పీల్చుకుని మళ్ళీ ఉబ్బుతుంది. లోపల ఎంత మిగిలిందో తెలియదు. రోలర్ తోకని పట్టుకునే ఉంటుంది కాబట్టి ఆ ఉబ్బుడు ఉండదు. నాకు నచ్చింది ఇదే.

అల్యూమినియం ఆయింట్‌మెంట్ ట్యూబులకి మాత్రం జాగ్రత్త. ఒకసారి ఎక్కువ తిప్పేశానని వెనక్కి తిప్పి మళ్ళీ ముందుకి తిప్పాను. మడత దగ్గర సన్నగా చిట్లి, ఆయింట్‌మెంట్ వేలికి అంటుకుంది. ఒకే వైపు తిప్పాలి, అంతే.

రోలర్ చేతకానిది ఒకటుంది: మూతి కింద గట్టిగా ఉండే భుజం భాగం. అక్కడ కత్తెరే దిక్కు. మొన్న "అయిపోయింది" అని పక్కన పడేసిన ట్యూబుని భుజానికి రెండు వేళ్ళ కింద అడ్డంగా కోశాను. గోడలకి, భుజం మూలల్లో అంటుకున్న పేస్టుతో ఇంకో ఐదుసార్లు పళ్ళు తోముకున్నాను. కోసిన ముక్కకి మిగతా సగాన్ని టోపీలా తొడిగితే ఎండిపోదు.

పంపు సీసాలకి రోలర్ పనికిరాదు. లోపలి గొట్టం చాలావాటిలో అడుగుదాకా ఆనదు, లోషన్ అక్కడే ఉండిపోతుంది. సన్నటి పొడుగాటి సిలికాన్ గరిటె వేరుగా కొనుక్కున్నాను. నిజం చెప్పాలంటే రోలర్ కన్నా దానికే ఎక్కువ పని. షాంపూ అయితే సీసా తలకిందులుగా నిలబెడితే తెల్లారేసరికి దిగుతుంది. చిక్కటి క్రీములు అలా దిగవు, కొంత బలం పడేదాకా అవి గట్టి పదార్థంలా కదలకుండా ఉంటాయి.

నీళ్ళు పోసి కుదపడం షాంపూకి సరే, అదీ ఒకటి రెండు రోజుల్లో వాడేసేలా అయితేనే. లోషన్‌లో పోశానొకసారి, వారం తిరక్కముందే వాసన పట్టింది. నీళ్ళు కలిస్తే చెడిపోకుండా కాపాడే మందు పలచబడిపోతుంది మరి. స్ప్రే డబ్బాల జోలికి మాత్రం వెళ్ళొద్దు, లోపల ఒత్తిడి ఉంటుంది. ఖాళీ అనిపించినా కోయకూడదు.

రోలర్ విషయానికొస్తే, పిడి స్క్రూ అప్పుడప్పుడు వదులవుతుంది, బిగించుకోవాలి. గాట్లలో పేస్టు గడ్డకడుతుంది, పాత బ్రష్‌తో రుద్దితే పోతుంది. బాత్‌రూంలో తడిలో వదిలేస్తే తుప్పు చుక్కలొచ్చాయి, అందుకే ఇప్పుడు తలుపు వెనక కొక్కేనికి తగిలిస్తున్నాను.