సోమవారం అర్జీ: కేసు కట్టించినందుకు నాలుగు స్టార్లు, ఖాకీ మీద ఫిర్యాదుకి ఒకటిన్నర

ప్రతి సోమవారం జిల్లా పోలీసు ఆఫీసులో జనం దగ్గర అర్జీలు తీసుకుంటారు, దాని మీద నా రివ్యూ ఇది. ఏ స్టేషనో, ఏ ఆఫీసో పేరు రాయను. మాది నెల్లూరు, ప్రకాశం హద్దులో రొయ్యల చెరువులున్న ఊరు. 2022లో జిల్లాలు మార్చినప్పుడు కందుకూరు, ఉలవపాడు, గుడ్లూరు ప్రకాశం నుంచి నెల్లూరుకి వచ్చాయి కాబట్టి ఎవరికి వాళ్లు తమ జిల్లా ఆఫీసే అనుకుని చదువుకోండి.

ఒక రాత్రి మా చెరువు గట్టు మీద ఏరియేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) మోటార్లు నాలుగు పోయాయి. లోపలి రాగి వైండింగ్ కోసం ఎత్తుకుపోతారు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే టైముకి ఏరియేటర్ తిరగకపోతే రొయ్య పైకి తేలుతుంది, ఆ టెన్షన్ చెరువు ఉన్నవాడికే తెలుసు. పక్క చెరువు మామ తన మోటార్లు రెండు విప్పి ఇచ్చాడు కాబట్టి పంట దక్కింది.

స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ నా కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి టేబుల్ అద్దం కింద దూర్చాడు. స్టాంపు లేదు, రసీదు లేదు. "వెతుకుతాంలే అబ్బయా, ఎఫ్‌ఐఆర్ ఎందుకు, కోర్టు చుట్టూ తిరగలేవు" అన్నాడు. రెండోసారి పోతే హెడ్డు (హెడ్ కానిస్టేబుల్) జీపుకి డీజిల్ కొట్టించమన్నాడు. కొట్టించా, వెయ్యి రూపాయలకి. ఆ జీపు మా చెరువు వైపైతే రాలేదు. మూడోసారి ఎస్సై గారు "కొత్త చట్టంలో మాకు పద్నాలుగు రోజులు టైముంది" అని చెప్పి పంపేశారు.

ఆ మాట సగమే నిజం. 2024 జులై 1 నుంచి నడుస్తున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173(3) కింద, మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో, డీఎస్పీ అనుమతి తీసుకుని, అసలు కేసు ఉందా లేదా అని 14 రోజుల్లో చూసుకోవచ్చు. మా విషయంలో అనుమతీ లేదు, ఎవరూ చూసిందీ లేదు. స్టేషన్‌లో రాయకపోతే 173(4) ప్రకారం ఎస్పీకి రాసి పంపొచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి పోవచ్చు.

సోమవారం జిల్లా పోలీసు ఆఫీసుకి పోయా. ఒకప్పుడు స్పందన అనేవాళ్లు, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక. బోర్డు మారింది గానీ క్యూ అదే, చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో జిరాక్సులు. టోకెన్ ఇచ్చారు, మజ్జిగ ఇచ్చారు, రాయడం రాని ఒక పెద్దామెకి మహిళా కానిస్టేబుల్ పక్కన కూర్చుని అర్జీ రాసిపెట్టింది. నిజం చెప్పాలంటే నేను అంత మర్యాద ఊహించలేదు. ఎస్పీ గారి ముందు నాకు దొరికింది రెండు నిమిషాలు. చదివి, అక్కడి నుంచే డీఎస్పీకి ఫోన్ చేశారు. గురువారానికి కేసు కట్టారు, ఎఫ్‌ఐఆర్ కాపీ కూడా చేతికిచ్చారు. అది ఉచితంగా ఇవ్వాల్సిందే, జిరాక్సు డబ్బులు అడిగితే ఇవ్వకండి. నాలుగు స్టార్లు దీనికే.

ఇక డీజిల్ సంగతి. అదీ అర్జీలో రాశా, తేదీ, టైము వేసి, సీసీ కెమెరా ఫుటేజీ చూడమని కూడా. ప్రతి స్టేషన్‌లో ఆడియోతో సహా కెమెరాలుండాలని, రికార్డింగ్ 18 నెలలు దాచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. విచారణకి నన్ను పిలిచారు. ఎక్కడికంటే, అదే స్టేషన్‌కి! పక్క గదిలో హెడ్డు టీ తాగుతున్నాడు, వాడి దగ్గు నాకు వినిపిస్తోంది, నేను ఇక్కడ వాడి మీద స్టేట్‌మెంట్ ఇస్తున్నా. పది రోజులకి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కారమైంది అని.

ఏం చర్య తీసుకున్నారని సమాచార హక్కు కింద అడుగుదామనుకుంటే మా లాయరు బావ నవ్వాడు. ఉద్యోగికిచ్చిన మెమోలు, వేసిన శిక్షలు వ్యక్తిగత సమాచారమని, విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే తప్ప ఇవ్వక్కర్లేదని 2012లోనే సుప్రీంకోర్టు తీర్పు ఉందట. పేపర్లో "ఎస్సైని వీఆర్‌కి పంపారు" అని చూసి మనం చప్పట్లు కొడతాం గానీ వీఆర్ (వేకెన్సీ రిజర్వు) శిక్షే కాదు, పోస్టింగ్ లేకుండా కూర్చోబెట్టడం, జీతం మామూలే. డిమోషన్, డిస్మిస్ లాంటి పెద్ద శిక్షలు మామూలుగా రాష్ట్ర ఉద్యోగుల 1991 క్రమశిక్షణ రూల్స్ కింద విచారణ జరిగాకే.

ఇలాంటి వాటికే కదా ప్రకాశ్ సింగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు పోలీసు కంప్లైంట్స్ అథారిటీలు పెట్టమన్నది. డీఎస్పీ వరకు జిల్లా అథారిటీ, ఆపై వాళ్లకి రాష్ట్ర అథారిటీ, రెండింటికీ పెద్దగా రిటైర్డ్ జడ్జి. జిల్లా అథారిటీ డబ్బు గుంజడం మీద కూడా విచారించొచ్చు, దాని సిఫార్సు డిపార్ట్‌మెంట్ పాటించి తీరాలి. ఆ రోజు క్యూలో నా చుట్టూ ఉన్న పదిమందినీ అడిగా, ఒక్కరు కూడా ఆ పేరు వినలేదు. నా వెనకాయనైతే ఇన్సూరెన్సు ఆఫీసనుకున్నాడు.

నేను చేసిన తప్పు ఒకటుంది, మీరు చేయొద్దు. దొంగతనం, డీజిల్ రెండూ ఒకే కాగితంలో రాశా. ఎఫ్‌ఐఆర్ కట్టగానే రెండూ కలిపి క్లోజ్ చేశారు. విడివిడిగా రాయండి, రెండు రసీదులు తీసుకోండి, సిబ్బంది మీద విచారణ వేరే సబ్‌డివిజన్ ఆఫీసరుకి ఇవ్వమని అందులోనే అడగండి.

మోటార్లు ఇంకా దొరకలేదు. వచ్చే సోమవారం డీజిల్ కాగితం ఒక్కటే పట్టుకుని మళ్లీ పోతున్నా, టోకెన్ కావాలంటే తొమ్మిదికల్లా అక్కడుండాలి.